నిలిచియున్న బండిని ఇంటికి చేర్చుట

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తలిదండ్రుల సభలో పూర్వ విద్యార్థి యొకరు చేసిన ప్రసంగము)



నేను ఈ పాఠశాల బల్లల మీద కూర్చుండి చదివినవాడను. ఇప్పుడు అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రములోని డల్లాసు నగర ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాను. ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని ప్రధానోపాధ్యాయులవారు ఆజ్ఞాపించినపుడు గొప్ప విషయమేదియు నాకు తోచలేదు. అప్పుడు వారే దారి చూపిరి. "నీవు స్వయముగా చేతులతో చేసిన పని యేదైన నున్న దానిని గూర్చి చెప్పుము. మన హోసూరు తలిదండ్రులలో పలువురు మోటారు కర్మాగారములలోను, లారీ షెడ్లలోను పనిచేయువారు. వారికి అది రుచించును" అనిరి. కనుక పుస్తకములోని సంగతి గాక, గ్రీజు అంటిన చేతుల సంగతి మీకు మనవి చేసెదను.

2022వ సంవత్సరము అక్టోబరు నెలలో, నా మిత్రుడొకడు కొన్న పాత యాత్రా ట్రెయిలరును న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకర్కీ నగరము నుండి డల్లాసునకు మేమిద్దరము లాగుకొని వచ్చితిమి. దూరము సుమారు 1,040 కిలోమీటర్లు. ఆ బండి పదునొకండు సంవత్సరములు ఒకే చోట కదలక నిలిచియుండెను. అట్టి బండిని అంత దూరము తెచ్చుటకు ముందు ఏమేమి చూడవలెను, ఎందుకు చూడవలెను అనునదే నా ప్రసంగ విషయము.

యాత్రా ట్రెయిలరు అనగా చక్రముల మీద కట్టిన చిన్న ఇల్లు. దానికి సొంత ఇంజను ఉండదు. కారు వెనుకనో, పికప్ ట్రక్కు వెనుకనో తగిలించి లాగుకొని పోవలెను. లోపల పడకలు, పొయ్యి, నీటి తొట్టి, చిన్న స్నానపు గది ఉండును. అమెరికాలో కార్లు పెరిగిన కొలది, 1930 ప్రాంతము నుండి ఇవి ప్రచారములోనికి వచ్చినవి. వాలీ బయమ్ అను నాతడు స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1936లో విమానము వలె అల్యూమినియము రేకులను రివెట్లతో కూర్చిన బండిని తెచ్చెను. 1959లో బయలుదేరి ఆయన బృందము వారు ఇట్టి బండ్లతో ఆఫ్రికా ఖండమున కేప్‌టౌను నుండి కైరో వరకు యాత్ర సాగించిరి. 1969 జూలైలో చంద్రుని మీద దిగి తిరిగివచ్చిన అపోలో 11 వ్యోమగాములను, అంటురోగ భయమున వేరుగా ఉంచుటకు, అట్టి ట్రెయిలరునే మార్పుచేసి వాడిరి. చంద్రమండలము నుండి వచ్చినవారికి భూమి మీద దొరికిన మొదటి ఇల్లు చక్రముల ఇల్లే యన్నమాట!

ఇంతటి చరిత్ర ఉండుట చేత 1950, 1960 దశాబ్దముల నాటి బండ్లను వెదకి కొని బాగుచేసికొనువారు అచట చాలమంది కలరు. మా మిత్రుడు కొన్నది 1960 దశాబ్దము నాటిది. ఇరువది నాలుగు అడుగుల పొడవు, రెండు ఇరుసులు, నాలుగు చక్రములు, సుమారు 1,700 కిలోల బరువు. అమ్మినది ఒక వృద్ధురాలు. ఆమె భర్త దానిని చివరిసారి తెచ్చి పెరటిలో నిలిపిన తరువాత మరల యాత్రకు పోవు యోగము ఆయనకు కలుగలేదు. ఆమె దానికి ఎక్కువ ధర అడుగలేదు. "ఇది మరల దారిమీద నడిచిన చాలును" అనెను.

చూచుటకు ఆ బండి మంచిగనే ఉండెను. ఎడారి గాలిలో నీటి తేమ తక్కువ గనుక అల్యూమినియము పైకప్పు మసకబారినదే గాని చెడలేదు. టైర్ల గాడులు క్రొత్తవాని వలె లోతుగా ఉండెను. మా మిత్రుడు సంతోషించి, "గాలి నింపి, ట్రక్కునకు తగిలించి, రేపే బయలుదేరుదము" అనెను. మన పెద్దలు పైన పటారము, లోన లొటారము అనుట వినియున్నారు గదా! పాత బండి విషయమున ఆ మాట అక్షరాల సత్యము. మెరయునది అల్యూమినియము, బరువు మోయునది దాని క్రిందనున్న ఇనుము, కొయ్య, రబ్బరు. అవి కంటికి కనబడవు.

ఇక్కడ ఒక సంగతి గ్రహింపవలెను. నిలిచియున్న బండి విశ్రాంతి తీసికొనుచున్నదని మనము తలచెదము. అది సరి కాదు. నడుచునపుడు అరుగునవి కొన్ని, నిలిచినపుడు చెడునవి కొన్ని. టైరు రబ్బరులో ఎండకు, ఓజోను వాయువునకు తట్టుకొనుటకు మైనము వంటి పదార్థములు కలుపుదురు. చక్రము తిరుగుచు రబ్బరు వంగుచు లేచుచున్నపుడే అవి పైపొరకు వచ్చి రక్షణ నిచ్చును. కదలని టైరునకు ఆ రక్షణ తగ్గి ప్రక్కగోడలలో సన్నని చీలికలు పుట్టును. బేరింగులలో గ్రీజు నుండి నూనె విడిపోయి అడుగునకు జారును. ఉక్కు రోలర్లు ఏండ్ల తరబడి ఒకే చోట ఆనియుండును. రాత్రి చలికి లోపల చేరిన తేమ ఆ ఆనిన చోటనే తుప్పు గీతలు గీయును. బ్యాటరీ తనంతట తాను చచ్చును. తీగలను ఎలుకలు కొరుకును. అల్యూమినియమును ఇనుమును తేమలో ఒకదాని నొకటి అంటియుండిన, వాటి మధ్య చిన్న విద్యుత్ ప్రవాహము పుట్టి ఒకటి తినబడును. కావున నిలిచినంత కాలము బండికి వయస్సు ఆగలేదు. మన కంటికి కనబడని చోట పెరిగినది.

అందుచేత మేము ఒక నియమము పెట్టుకొంటిమి. ఇంటికి తెచ్చు ప్రయాణమునకు నాలుగు ప్రశ్నలే ముఖ్యము. చక్రములు తిరుగునా? తిరుగు చక్రములు ఆగునా? బండి ట్రక్కును విడువక పట్టుకొని యుండునా? వెనుక వచ్చువారికి మన సూచనలు కనబడునా? ఈ నాలుగింటికి ఔనని జవాబు రానిచో బండి కదలరాదు. జవాబు వచ్చినచో, పొయ్యి వెలుగకున్నను, కొళాయి కారుచున్నను, పరుపులు చినిగియున్నను చింత లేదు. ముందు చక్రము, తరువాత సొగసు. రంగులకును తెరలకును ఇల్లు చేరిన పిదప కావలసినంత కాలము దొరకును.

తలుపు తెరచుటలోనే మొదటి జాగ్రత్త. న్యూ మెక్సికో ప్రాంతమున అడవి ఎలుకల మలమూత్రముల వలన వ్యాపించు హంటావైరస్ అను ప్రాణాంతక వ్యాధి కలదు. 1993లో నాలుగు రాష్ట్రములు కలియు ఆ ప్రాంతముననే అది అమెరికాలో మొట్టమొదట బయటపడెను. మూసియున్న బండిలో ఎలుక పెంటికలను చీపురుతో ఊడ్చిన, ఆ ధూళి ఊపిరితో లోనికి పోవును. కావున తలుపులు కిటికీలు తెరచి అరగంట దూరముగ నిలువవలెను. తరువాత చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, ఒక పాలు బ్లీచింగు ద్రావణమునకు తొమ్మిది పాళ్ళు నీరు కలిపి, పెంటికలు బాగుగ తడియునట్లు చల్లి, అయిదు నిమిషములు ఆగి, కాగితపు గుడ్డలతో ఎత్తివేయవలెను. పొడిగా ఊడ్వరాదు. మన ఇండ్లలోని పాత గోదాములను శుభ్రము చేయునపుడు గూడ తడిపి ఎత్తుట మంచిదే.

తరువాత నేలను చూచితిమి. ఇట్టి బండ్లలో నేల ప్లైవుడ్డుతో చేయుదురు. వాన నీరు పైకప్పు అతుకుల నుండి దిగి మూలలలో చేరి కొయ్యను కుళ్ళజేయును. ముఖ్యముగ వెనుక భాగమున. మొనగల స్క్రూడ్రైవరుతో మూలమూలల గ్రుచ్చి చూడవలెను. గట్టి కొయ్య మొనను ఆపును; కుళ్ళినది వెన్న వలె లోనికి పోనిచ్చును. పిదప నేల మీద గోనె పరచుకొని బండి క్రిందికి దూరి, ఛాసిస్ ఉక్కు కమ్ములను సుత్తితో తట్టవలెను. మంచి ఇనుము గంట వలె మ్రోగును. తుప్పు తిన్నది బొదబొద మనును. మా బండి వెనుక మూలలో జానెడు మేర కొయ్య మెత్తబడినది గాని, ఛాసిస్ గట్టిగనే మ్రోగినది. ఛాసిస్ విరిగియున్నచో ఆ బండిని తన చక్రముల మీద నడపరాదు. పెద్ద ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద ఎక్కించి పంపుటయే మార్గము. ఖర్చు ఎక్కువ, కాని ప్రాణములకన్న ఎక్కువ కాదు.

ఇరుసులు కూడ పరీక్షింపవలసినవే. కొన్ని బండ్లకు మన లారీల వలె కమాను కట్టలుండును. మా బండికి ఇరుసు గొట్టము లోపల రబ్బరు కడ్డీలు ఇరికించిన పద్ధతి. బండిని జాకీతో పైకెత్తినపుడు చక్రము క్రిందికి జారిన, రబ్బరులో ఇంకను జీవమున్నట్లు. జారకున్న, రబ్బరు రాయి వలె గట్టిపడి కుదుపులన్నియు బండి దేహమునకే తగులునట్లు. మా బండిలో చక్రములు కొంచెమే జారినవి. మెల్లగా ఒక్క ప్రయాణమునకు చాలును, తరువాత ఇరుసులు మార్చవలసినదే యని నిశ్చయించితిమి.

ఇక టైర్ల సంగతి. గాడులు లోతుగా ఉన్నవని చెప్పితిని గదా. ట్రెయిలరు టైరు సాధారణముగ అరిగి చావదు, ముసలిదై చచ్చును. దాని వయస్సు దాని మీదనే వ్రాసియుండును. ప్రక్కగోడ మీద అచ్చువేసిన సంకేతములో చివరి నాలుగు అంకెలను చూడవలెను. మొదటి రెండు ఆ సంవత్సరములోని వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. మా బండి టైరు మీద 2409 అని ఉండెను. అనగా 2009వ సంవత్సరము ఇరువదినాలుగవ వారమున తయారైనది. మేము చూచునప్పటికి దాని వయస్సు పదమూడేండ్లు. ఇట్టి టైర్లను అయిదారేండ్లకే మార్చవలెనని తెలిసినవారు చెప్పుదురు. పాత టైరు గాలి నింపిన వెంటనే పగులదు. వేడి ఎండలో, బరువుతో, రెండు మూడు గంటలు పరుగెత్తిన తరువాత దాని పైపొర ఊడి చెక్కలు చెక్కలగును. ఊడిన రబ్బరు పట్టీ కొరడా వలె కొట్టి బండి అడుగును చీల్చును. మేము నాలుగు క్రొత్త టైర్లును, వాటితోపాటు ఒక స్టెప్నీయును కొంటిమి.

టైర్లు మార్చుటకు చక్రములు ఊడదీసినపుడు హబ్బులు విప్పి చూచితిమి. ఇరుసునకు కందెన ఎంత ముఖ్యమో మన తాతలకు ఎడ్లబండి నాడే తెలియును. హబ్బులో లోపల నొకటి, వెలుపల నొకటి రెండు బేరింగులుండును. పాత గ్రీజును కిరసనాయిలుతో కడిగి, రోలర్లను, అవి తిరుగు ఉక్కు వలయమును వెలుతురులో త్రిప్పి చూడవలెను. నునుపుగ అద్దము వలెనున్న మంచిది. మా నాలుగు హబ్బులలో మూడు బాగుగ ఉండెను. ఎడమ వెనుక చక్రపు లోపలి వలయము మీద మాత్రము రోలర్ల ఎడము ప్రకారము వరుసగా తుప్పు గుంటలు కనబడెను. వ్రేలిగోరు పెట్టి లాగిన తగులునంత లోతు.

ఆనాడు శనివారము సాయంకాలము. దుకాణమున ఆ కొలత బేరింగు లేదు. సోమవారము గాని రాదనిరి. మా మిత్రునికి సోమవారము ఉదయము ఉద్యోగమునకు పోవలసియుండెను. "నాలుగింటిలో మూడు బాగుగనే ఉన్నవి గదా! నిండుగ గ్రీజు పెట్టి మెల్లగ పోవుదము" అనెను. అతడు తెలివితక్కువవాడు కాడు. ఇల్లు, ఉద్యోగము, పిల్లలు గలవాడు. తొందర అందరికి సహజమే. నేను వాదింపలేదు. చెడిన వలయమును అతని చేతిలో పెట్టి ఒక ప్రశ్న మాత్రము అడిగితిని: "ఇది దారిలో విరిగి చక్రము ఊడిన, ఆ చక్రము ఎటు పోవును?"

అతడు చాలసేపు మాట్లాడలేదు. ఊడిన చక్రము మన దగ్గర ఆగదు. బండి వేగముతోనే ముందుకు దొరలి, గట్టు దాటి, ఎదురు దారిలోనికి పోవును. ఆ దారిలో వచ్చు కారులో ఎవరుందురో మనకు తెలియదు. వారు మన బండిని కొనలేదు. మన బేరములో వారికి పాలు లేదు. మన తొందరకు వారు సమ్మతి నీయలేదు. బండిలో మనము పెట్టు సాహసము మన సొత్తు కాదు, దారిలో నున్నవారందరి సొత్తు. ఈ ప్రసంగములో నేను ముఖ్యముగ చెప్పదలచిన మాట ఇదియే.

అతడు ఆ రాత్రియే తన పై అధికారికి వార్త పంపి సెలవు కోరెను. జీతము కోత పడెను. సోమవారము బేరింగు వచ్చెను. నాలుగు హబ్బులకు క్రొత్త ఆయిల్ సీళ్ళు వేసి, గ్రీజును అరచేత పెట్టుకొని ప్రతి రోలరు సందులోనికి ఒత్తి నింపి, చక్రమును త్రిప్పుచు నట్టు బిగించి, మరల వదులుచేసి, వ్రేళ్ళతో బిగువైనంత వరకు బిగించి, క్రొత్త స్ప్లిట్ పిన్ను తొడిగితిమి. మరీ బిగించిన బేరింగు కాలును. మరీ వదలిన చక్రము ఊగును. ఈ మధ్య మార్గము చేతికి తెలియవలసినదే గాని మాటలకు లొంగదు. ఈ సభలోని మెకానిక్కు సోదరులకు ఇది నేను చెప్పనక్కరలేదు.

బ్రేకుల పద్ధతి ఇచటి లారీల కంటె భిన్నము. ట్రెయిలరు చక్రపు డ్రమ్ములలో విద్యుదయస్కాంతము లుండును. ట్రక్కు డ్రైవరు బ్రేకు తొక్కినపుడు, ముందు అమర్చిన నియంత్రకము నుండి విద్యుత్తు పోయి అయస్కాంతము డ్రమ్మునకు అతుకుకొని, ఒక మీటను లాగి బ్రేకు పట్టీలను వెడల్పుచేయును. తీగ తెగిన బ్రేకు లేదు. మా బండిలో రెండు చక్రముల తీగలు ఎలుకలు కొరికినవి, క్రొత్తవి వేసితిమి. ఇంకొక రక్షణ కలదు. దారిలో ట్రెయిలరు ట్రక్కు నుండి విడిపోయిన, ట్రక్కునకు కట్టిన సన్నని ఉక్కు తాడు ఒక పిన్నును ఊడలాగును. వెంటనే ట్రెయిలరులోని 12 వోల్టుల బ్యాటరీ బ్రేకులను తానే పట్టించును. బ్యాటరీ చచ్చియున్న ఈ రక్షణ పేరునకే. కావున క్రొత్త బ్యాటరీ పెట్టి, పిన్ను లాగి, ట్రక్కుతో బండిని ముందుకు ఈడ్చి చూచితిమి. నాలుగు చక్రములు మొండికేసినవి. అంత సంతోషము మాకు ఆ వారములో మరి దేనివలనను కలుగలేదు.

ట్రక్కు వెనుక ఉక్కు గుండు ఒకటి ఉండును; దాని మీద ట్రెయిలరు మూతి గిన్నె వలె బోర్లించి గడియ వేయుదురు. గుండ్లు మూడు నాలుగు కొలతలలో దొరకును. గిన్నె కొలత ఒకటి, గుండు కొలత ఒకటి అయినచో, గడియ పడినట్లే యుండి, మొదటి పెద్ద గుంటలో లేచిపోవును. క్రింద రెండు గొలుసులను కత్తెర వలె అడ్డముగ తగిలింపవలెను. గిన్నె జారినను మూతి నేలబడక ఆ గొలుసుల ఊయలలో నిలుచును. బరువు సర్దుటలో గూడ లెక్క కలదు. మొత్తము బరువులో నూటికి పది నుండి పదిహేను పాళ్ళు ముందు గుండు మీద ఆనవలెను. మా 1,700 కిలోల బండికి అది 170 నుండి 255 కిలోలు. వెనుక బరువెక్కువై ముందు తేలికయైన, బండి వేగములో చేప తోక వలె అటునిటు ఊగ నారంభించును. అట్లూగినపుడు భయపడి ట్రక్కు బ్రేకును గట్టిగ తొక్కరాదు. వేగపు పెడలు నుండి కాలు తీసి, స్టీరింగు సూటిగ పట్టుకొని, ట్రెయిలరు బ్రేకును మాత్రము చేతి మీటతో మెల్లగ వేయవలెను. అప్పుడు వెనుకబండి ముందుబండిని వెనుకకు లాగి సూటిగ నిలుచును.

పాత దీపముల తీగలు నమ్మదగినవి కావు గనుక, అయస్కాంతముతో అతుకు తాత్కాలిక దీపముల జత కొంటిమి. అల్యూమినియమునకు అయస్కాంతము అతుకదు. వెనుకనున్న ఉక్కు బంపరునకు అమర్చితిమి. వంటగ్యాసు సిలిండర్లు మూసి తీసివేసితిమి. నీటి తొట్టి ఖాళీ చేసితిమి. పైకప్పు గాలిమూతను, కిటికీలను బలమైన పట్టీలతో బిగించి, తలుపునకు లోపలి గడియతోపాటు బయట నాడా చుట్టితిమి. అమ్మినవారి సంతకముతో హక్కుపత్రము, బండి మీద చెక్కిన సంఖ్య, పత్రములోని సంఖ్య సరిపోలినవని చూచి, దారి ప్రయాణపు అనుమతియు బీమాయు సంపాదించితిమి. సంఖ్య సరిపోలని బండిని ఎంత చౌకయైనను కొనరాదు.

మా మిత్రుని పిల్లలిద్దరు తల్లితో వచ్చియుండిరి. "నాన్నగారూ, మేము ట్రెయిలరులోనే కూర్చుండి వచ్చెదము, పడకలున్నవి గదా!" అని బ్రతిమాలిరి. పసివారికి అంతకన్న వినోదమేమున్నది? కాని లాగబడు ఇట్టి బండిలో మనుష్యుల నెక్కించుట అచట చాల రాష్ట్రములలో నిషిద్ధము. లోపల వారిని పట్టి ఉంచు బెల్టులు లేవు. గోడలు దెబ్బకు ఆగవు. ఆపదలో పిలిచినను ముందువానికి వినబడదు. మా మిత్రుడు కోపపడక, పిల్లలను బండి క్రిందికి తీసికొనిపోయి, తీసివేసిన బేరింగు వలయము చూపి, కారణము చెప్పెను. పెద్దపిల్ల ఆ గుంటలను గోటితో తాకి చూచి మరల అడుగలేదు. పిల్లలకు వద్దనుటకన్న ఎందుకు వద్దో చూపుట మేలు.

మంగళవారము తెల్లవారుఝామున బయలుదేరితిమి. ఆల్బుకర్కీ దాటగనే దారి టిహేరాస్ కనుమలో పైకెక్కును. మొదటి ఇరువది కిలోమీటర్లు దాటి ఆగి చక్రపు నట్లను టార్క్ రెంచితో మరల బిగించితిమి. క్రొత్తగా బిగించిన నట్లు మొదటి కొంత దూరములో వదులగుట సహజము. తరువాత ఎనుబది కిలోమీటర్లలోపల మరొకసారి. ప్రతి ఆగుడునందు నాలుగు హబ్బుల మీద చేయి దగ్గరగా పెట్టి వేడి చూచితిమి. నాలుగును సమానముగ వెచ్చబడిన భయము లేదు. ఒకటి మాత్రము మిగతావాని కంటె మండుచున్న అది మనతో ఏదో చెప్పుచున్నదన్నమాట. సముద్రమట్టమునకు 2,000 మీటర్ల పైనున్న క్లైన్స్ కార్నర్సు వద్ద కుడి ముందు హబ్బు మండుచుండెను. బేరింగు కాదు, బ్రేకు పట్టీ డ్రమ్మును రాచుకొనుచున్నది. సర్దుబాటు చక్రమును రెండు పళ్ళు వదలినంతనే కుదిరెను. ఆగి చూడనిచో అది మరి గంటలో గ్రీజును కరిగించి బేరింగును కాల్చియుండును.

వేగము గంటకు తొంబది కిలోమీటర్లు దాటనీయలేదు. ట్రెయిలరు టైర్లలో కొన్ని 105 కిలోమీటర్లకు మించని వేగమునకే నిర్మింపబడినవి. పెద్ద లారీలు మమ్ము దాటిపోవుచు గాలితో తోసినవి, ఓర్చుకొంటిమి. అమరిల్లో నగరమున రాత్రి నిలిచితిమి, చీకటిలో పోలేదు. రెండవ దినము విచిటా ఫాల్సు మీదుగా పొద్దు గ్రుంకునప్పటికి డల్లాసు చేరితిమి. నిదానమే ప్రధానమని మనవారన్నది ఉత్తమాట కాదు.

తలిదండ్రులారా! ఇట్టి బండ్లు హోసూరు వీధులలో కనబడవు. కాని నిలిచిపోయిన బండ్లు కనబడును. 2020, 2021 సంవత్సరములలో పాఠశాలలు మూతపడినపుడు దేశమంతట బడి బస్సులు, వ్యానులు నెలల తరబడి ఎండకు వానకు నిలిచినవని మీకు జ్ఞాపకమున్నది గదా. నేడును వేసవి సెలవులలో రెండు నెలలు నిలుచును. అప్పుడు బస్సు పాడు కాదు, విశ్రాంతి తీసికొనునని అనుకొనుట పొరపాటు. సెలవుల పిదప మొదటి దినమున ఆ బస్సు ఎక్కునది మన పిల్లలు. టైరు తయారైన వారమును, సంవత్సరమును తెలుపు ఆ నాలుగు అంకెలు మన దేశపు టైర్ల మీదను ఉండును. వానిని చదువుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. మూడవ తరగతి లెక్క చాలును. మీ పిల్లలు ఎక్కు వ్యాను టైర్ల వయస్సును యజమానిని మర్యాదగ అడుగుడు. స్టెప్నీలో గాలి ఉన్నదా యని అడుగుడు. అడుగుట అనుమానించుట కాదు. ఆ డ్రైవరు ప్రాణమును మన పిల్లల ప్రాణముతో సమానముగ చూచుటయే.

ఈ రాత్రి ఇంటికి పోయినపుడు మీ స్కూటరు దగ్గరనో, ఆటో దగ్గరనో మీ అమ్మాయిని గాని అబ్బాయిని గాని కూర్చుండబెట్టుకొని టార్చిలైటు వెలుతురులో ఆ అంకెలు చదివించుడు. అది ఎన్ని యేండ్ల దగునో లెక్క కట్టించుడు. ఆ లెక్క వారు ఎన్నడును మరువరు.